గుంపులు కట్టి లెక్కించుట

ఒక పాఠశాలలో తరగతివారీగ ఎందరున్నారో, మాధ్యమమువారీగ ఎందరున్నారో వేరువేరుగ తెలిసినను, పదవ తరగతిలో తెలుగు మాధ్యమమువారెందరో ఆ లెక్కలనుండి తేలదు. రెండంశములను జతగ పట్టి లెక్కింపవలెను.

కంప్యూటరులో సమాచారమును పత్రములుగ దాచు ఏర్పాటును డాక్యుమెంట్ డేటాబేస్ అందురు. 2009లో వెలువడిన మాంగోడిబి ఇట్టిది. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పత్రము. అందులోని పేరు, తరగతి, మాధ్యమము మొదలగు ఒక్కొక్క అంశము ఒక ఫీల్డు.

లెక్కించు విధము సులభమైనది. కంప్యూటరు ఒక్కొక్క పత్రమును తీసికొని, కోరిన ఫీల్డులలోని విలువలతో ‘పది, తెలుగు’ వంటి గుర్తు కట్టును. ఆ గుర్తు పట్టికలో ఉన్నచో దాని యెదుట ఒకటి కలుపును. లేనిచో క్రొత్తగ చేర్చి ఒకటి వేయును. పత్రములన్నిటిని ఒక్కమారు చూచుసరికి లెక్క పూర్తియగును. మాంగోడిబిలో ‘గ్రూప్’ అను ఆజ్ఞ గుర్తును కట్టును. ‘సమ్’ అనునది ఒకటి చొప్పున కూడును.

జాగ్రత్తలు రెండు. విలువలను ఊరక అతికింపరాదు. 1వ తరగతి 12వ సెక్షను, 11వ తరగతి 2వ సెక్షను - రెండును ‘112’గనే కనబడును! విలువలను విడివిడిగ నిలుపవలెను. మరియు, ఒక ఫీల్డు లేని పత్రములు వేరొక గుంపుగ ఏర్పడును, వానిని గమనింపవలెను.

ఏయే అంశములతో గుంపు కట్టితిమను దానిని బట్టి నిర్ణయమే మారవచ్చును. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1973లో ఉన్నత విద్యకు 8,442 మంది పురుషులు, 4,321 మంది స్త్రీలు దరఖాస్తు చేసిరి. పురుషులలో సుమారు 44 శాతమునకు, స్త్రీలలో 35 శాతమునకు ప్రవేశము లభించెను. స్త్రీలకు అన్యాయము జరిగెనని తోచును. కాని శాఖను కూడ చేర్చి లెక్కింపగా, మిక్కిలి పెద్దవైన ఆరు శాఖలలో నాలుగింట స్త్రీల శాతమే హెచ్చుగ నుండెను. ఒక శాఖలో పురుషులకు 62, స్త్రీలకు 82 శాతము! సీట్లు దొరకుట కష్టమైన శాఖలకే స్త్రీలు ఎక్కువగ దరఖాస్తు చేసిరి. బికెల్, హామెల్, ఓకానెల్ అనువారు 1975లో ఈ విషయమును ప్రకటించిరి.

తరగతిలో ఈ పద్ధతిని చీటీలతోనే చూపవచ్చును. ప్రతి విద్యార్థియు తన ఊరు, బడికి వచ్చు సాధనము వ్రాసి ఇచ్చినచో, చీటీలను మొదట ఒక్క అంశముతోను, పిదప రెండింటితోను కుప్పలు పోసి చూడవలెను. మొదటి లెక్కలో కనబడనిది రెండవదానిలో కనబడవచ్చును.