నాడి చెప్పు లెక్క

పుష్టిగా కనబడువారందఱును ఆరోగ్యవంతులేనా? బక్కపలుచని వారందఱును దుర్బలులేనా? కన్ను మోసపోవచ్చును. కావుననే శాస్త్రజ్ఞులు దేహదార్ఢ్యమును అంకెలతో కొలువ యత్నించిరి.

అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కళాశాలలో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అను వైద్యుడు 1861వ సంవత్సరము మొదలుకొని విద్యార్థుల శరీరపు కొలతలు తీసి పట్టికలుగా కూర్చెను. వానివలన దేహపరిమాణము తెలిసెనే కాని, శ్రమకు గుండె యెట్లు తాళునో తెలియలేదు. ఆ కొఱత తీర్చుటకు రెండవ ప్రపంచయుద్ధకాలమున హార్వర్డ్ విశ్వవిద్యాలయమున లూసియన్ బ్రూహా మొదలగువారు యువకులకొఱకు ఒక పరీక్షను కల్పించి, 1943లో ప్రకటించిరి. దానికి హార్వర్డ్ మెట్టు పరీక్ష యని పేరు.

ఇందు యువకుడు 20 అంగుళముల యెత్తుగల బల్లను నిమిషమునకు 30 మారుల చొప్పున 5 నిమిషములు ఎక్కి దిగవలెను. అలసినచో ముందే ఆగవచ్చును. పిమ్మట కూర్చుండిన వాని నాడిని ఒకటి, రెండు, మూడు నిమిషములు గడచిన వెంటనే అరనిమిషము చొప్పున మూడుమారులు లెక్కింతురు. ఎక్కి దిగిన సెకనులను 100చే గుణించి, మూడు లెక్కల మొత్తమునకు రెట్టింపుచే భాగింపగా వచ్చునదే దార్ఢ్యసూచి.

ఒకని నాడి 70, 60, 50 మారులు కొట్టుకొనెననుకొందము. మొత్తము 180, రెట్టింపు 360. అతడు పూర్తిగా 300 సెకనులు ఎక్కి దిగెను గనుక 30,000ను 360చే భాగింపగా సుమారు 83 వచ్చును. 90 మొదలు ఉత్తమము. 80 మొదలు 89 వఱకు మంచిది. 55కు లోబడినది బలహీనము. శ్రమ తీరిన పిదప గుండె యెంత త్వరగా నెమ్మదించిన సూచి యంత హెచ్చును.

అయితే ఇచ్చట నొక చిక్కు కలదు. ఇద్దఱు విద్యార్థులలో ఒకనికి 90, మఱియొకనికి 50 వచ్చినచో సగటు 70. అది తృప్తికరముగనే తోచును. కాని సాయము కావలసిన రెండవవాడు ఆ సగటు చాటున మఱుగుపడును. కావున సగటుతో సరిపెట్టక, ఏ తరగతిలో నెందఱున్నారో విడదీసి చూపుటయే సరియైన గణన.

సూచి తగ్గినవానిని చూచి నవ్వరాదు. రక్తహీనతయో, నిద్రలేమియో, ఇటీవలి జ్వరమో కారణము కావచ్చును. పొట్టివారికి ఆ బల్లయే కష్టము కావచ్చును. గుండెజబ్బు కలవారు వైద్యుని యనుమతి లేక ఈ పరీక్షకు పూనుకొనరాదు. అంకె తీర్పు కాదు, హెచ్చరిక మాత్రమే. దానిని విని బలహీనుని చేయూతనిచ్చి నిలబెట్టినప్పుడే ఆ లెక్కకు సార్థకత.