ముత్తాత ఏ ఊరివాడు?

మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీల్లోని ఎన్నో తెలుగు కుటుంబాలకు తమ పూర్వీకుడు ఎక్కిన ఓడ పేరు తెలుసు, దిగిన రేవు తెలుసు. పుట్టిన ఊరు, కన్నవాళ్ల సంగతే తేలదు. ఆ రెండూ పట్టుకోవడానికి దారులు లేకపోలేదు. అయితే వాటిలో చాలా భాగం ఈ ఒడ్డునే ఉన్నాయి.

పాత రిజిస్టర్లలో కనిపించే తరహా నమోదు ఒకటి ఊహించుకుందాం. పేరు: అప్పన్న. తండ్రి: సింహాద్రి. వయసు: 22. జిల్లా: వైజాగపట్నం. ఊరు: కొత్తూరు. గుర్తులు: ఎడమ మోకాలి మీద మచ్చ.

చూడగానే పని అయిపోయినట్టే ఉంటుంది. ఊరుంది, తండ్రి పేరుంది, ఇంకేం కావాలి? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఉత్తరాంధ్రలో కొత్తూర్లు ఎన్నో. సింహాద్రి అన్న పేరు వీధికొకరికి ఉంటుంది. ఇంటిపేరు రాసే గడి ఆ కాగితంలో లేనే లేదు. తెలుగు నేల మీద మనిషిని పోల్చుకోవడానికి మొదట అడిగేది ఇంటిపేరే. దాన్నే గుమస్తా అడగలేదు.

బంధించిన కాగితమే ఆధారం

1834 నవంబరు 2న అట్లస్ అనే ఓడ భారతీయ కూలీలతో మారిషస్ చేరింది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు వచ్చింది. 1879లో లియోనిడాస్ ఫిజీ చేరింది. అక్కడికి మద్రాసు నుంచి ఓడలు మాత్రం 1903లో మొదలయ్యాయి. డర్బన్ ఉన్న నేటాల్ ఒక్కదానికే 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది ఒప్పందపు కూలీలు వెళ్లారు. చెరకు తోటలో అయిదేళ్ల చాకిరీకి వేలిముద్ర వేసిన వాళ్లలో గంజాం, వైజాగపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు.

పారిపోతే పట్టుకోవాలి కాబట్టి యజమానులకు కాగితం కావాల్సి వచ్చింది. పేరు, తండ్రి పేరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఆడవాళ్లయితే పచ్చబొట్లు, అన్నీ రాశారు. మారిషస్‌లో 1860ల నుంచి ఫోటోలు కూడా తీయించారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్‌ల కూలీ రికార్డులను యునెస్కో 2011లో ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది.

అదే కాలంలో కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్‌కు వెళ్లిన తెలుగువాళ్లు ఇంతకంటే ఎక్కువే. వాళ్లలో అత్యధికులు కూలీలను చేర్చే మేస్త్రీ దగ్గర అప్పు చేసో, సొంత టిక్కెట్టు మీదో వెళ్లారు. వాళ్లకు ఇలాంటి పాస్‌లు, అంటే వివరాలన్నీ రాసిన వలస పత్రాలు, లేవు. అందుకే బర్మా వెళ్లిన తాత జాడ కంటే మారిషస్ వెళ్లిన ముత్తాత జాడే కాగితం మీద తేలిగ్గా దొరుకుతుంది.

పేరు మారింది, జిల్లా మారింది

ఇక్కడ పలికిన పేరు అక్కడి రిజిస్టరులోకి చేరేసరికి చాలా చెవులు దాటింది. పల్లెటూరి మనిషి చెప్పింది, ఓడెక్కేముందు కూలీలను ఉంచే డిపోలో గుమస్తా తనకు వినిపించినట్టు ఇంగ్లిషులో రాశాడు. ఓడ దిగాక ఇంకొకరు ఎక్కించుకున్నారు. మారిషస్‌లో అయితే దాని మీద ఫ్రెంచి ఉచ్చారణ కూడా వచ్చి పడింది. అప్పడు ‘అప్పాడూ’ అయింది, సన్యాసి ‘సనాసీ’ అయింది. తర్వాతి తరంలో ఆ తండ్రి పేరే కుటుంబానికి ఇంటిపేరై కూర్చుంది. దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి వంటి బిరుదులు ఇంటిపేర్లయ్యాయి. ఒకే తల్లి పిల్లలు వేర్వేరు ఇంటిపేర్లతో బడిలో చేరిన కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి ఇవాళ్టి ఇంటిపేరు పట్టుకుని ఆంధ్రలో వెతికితే ముత్తాత తండ్రి పేరునే ఇంటిపేరనుకుని వెతికినట్టు అవుతుంది.

ఇక జిల్లా. కాగితంలో ‘గంజాం’ అని ఉంటే ఒడిశాకు పరుగెత్తాల్సిన పని లేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా చికాకోలు, అంటే శ్రీకాకుళం, గంజాం జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాత విశాఖ జిల్లాలో కలిసి, 1950లో సొంత జిల్లా అయింది. ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉంటే అది తమిళ ఊరే కానక్కర్లేదు. 1911లో చిత్తూరు జిల్లా పుట్టకముందు చంద్రగిరి, చిత్తూరు ఆ జిల్లాలోవే. ‘నెల్లూరు’ అంటే 1904కి ముందు ఒంగోలు, 1970కి ముందు కనిగిరి ప్రాంతాలు కూడా కావచ్చు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాక పాత పేరుకూ కొత్త పటానికీ దూరం ఇంకా పెరిగింది. అందుకని ఈనాటి పటం మూసేసి, అప్పన్న ఓడెక్కిన ఏడాది నాటి తాలూకా పటం ముందు పెట్టుకోవాలి. ఊరి పేరు కంటే తాలూకా పేరు ఎక్కువ సాయపడుతుంది. కొత్తూర్లు ఎన్ని ఉన్నా, ఒక తాలూకాలో ఒకటో రెండో మాత్రమే ఉంటాయి.

పేరులో దేవుడు, దేవుడి వెనక ఊరు

కాగితం చెప్పలేనిది ఒక్కోసారి పేరే చెబుతుంది. ఇంగ్లిషు మాత్రమే తెలిసిన పరిశోధకుడికి అందని ఆధారమిది. తెలుగువాళ్లు పిల్లలకు ఊరి దేవత పేరో, మొక్కుకున్న కొండ మీది దేవుడి పేరో పెట్టడం తరాలుగా ఉన్నదే. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం, సింహాద్రి అంటే చూపు సింహాచలం చుట్టూ తిరగాలి. పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం. నూకయ్య, నూకరాజు అంటే అనకాపల్లి నూకాంబిక. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన. కోటయ్య అంటే నరసరావుపేట పక్క కోటప్పకొండ.

పేరొక్కటే రుజువు కాదు. సింహాచలం దేవుడికి మొక్కుకున్నవాళ్లు గోదావరి గట్టునా ఉంటారు. కానీ తండ్రి పేరు, భార్య పేరు, తోడు వచ్చిన తమ్ముడి పేరు మూడూ ఒకే క్షేత్రం వైపు చూపిస్తుంటే అది పట్టించుకోవాల్సిన విషయమే. మారిషస్ తెలుగు ఇళ్లల్లో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. ఇంట్లో ఏ దేవుడికి ఏ నైవేద్యం పెట్టేవారో, మొక్కు ఎలా తీర్చేవారో పెద్దవాళ్లను అడిగి రాసుకుంటే అది కూడా చిరునామాలో ఒక ముక్కే.

ఒక్కడిని వెతకొద్దు

ఈ పనిలో అనుభవమున్నవాళ్లు పాటించే సూత్రం ఒకటుంది. మనిషి దొరకనప్పుడు అతని చుట్టూ ఉన్నవాళ్లను వెతకాలి. పల్లె నుంచి ఒంటరిగా బయల్దేరినవాళ్లూ ఉన్నా, మేస్త్రీ మాట నమ్మి ముగ్గురు నలుగురు కలిసి వెళ్లడం మామూలు. నేటాల్‌లో ప్రతి కూలీకి వరుస సంఖ్య ఇచ్చారు. అప్పన్న సంఖ్యకు ముందూ వెనకా ఉన్న పదిమందిని చూడండి. వాళ్లలో ఒకరికి ఊరు ‘కొత్తూరు’, తాలూకా ‘బొబ్బిలి’ అని స్పష్టంగా రాసి ఉంటే, అప్పన్న కాగితంలో లేని తాలూకా ఏదో ఊహించడానికి బలమైన ఆధారం దొరికినట్టే.

ఓడలో కలిసినవాళ్లు అక్కడా విడిపోలేదు. ఒకరి పిల్లల పెళ్లికి ఇంకొకరు సాక్షి అయ్యారు, ఒకే తోటలో పక్క పక్క గదుల్లో ఉన్నారు, వియ్యాలందుకున్నారు. అందుకే పెళ్లి రిజిస్టరులో సాక్షుల సంతకాలు వదిలేయకూడదు. దక్షిణాఫ్రికా ఆర్కైవ్స్‌లోని మరణ నోటీసుల్లో చనిపోయినవారి పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు రాసే గళ్లున్నాయి. వాటిని నింపింది బతికున్న బంధువు కాబట్టి పొరపాట్లూ ఉంటాయి. అయినా ఓడ గుమస్తా అడగని తల్లి పేరు అక్కడ దొరకవచ్చు.

తండ్రి ఎవరు?

ఊరు దొరకడం ఒక ఎత్తు, కన్నవాళ్లు తేలడం మరో ఎత్తు. పాస్‌లో ఉన్న తండ్రి పేరు ఎవరూ విచారించి రాసింది కాదు. ఆ మనిషి చెప్పిందే. ఇల్లు విడిచి పారిపోయిన కుర్రాడు తండ్రి పేరు మార్చి చెప్పవచ్చు. ఊళ్లో అవమానం పడినవాడు కులం మార్చి చెప్పవచ్చు. తండ్రి పోయాక మేనమామ పెంచిన పిల్లాడు మేనమామ పేరే చెప్పి ఉండవచ్చు. ఇవన్నీ అబద్ధాల కింద జమకట్టలేం. కొత్త బతుకు మొదలుపెట్టే మనిషి పాత బతుకులోంచి ఏది వెంట తీసుకెళ్లాలనుకున్నాడో ఆ కాగితం చెబుతుంది.

ఆడవాళ్ల విషయంలో చిక్కు మరీ ఎక్కువ. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలని నిబంధన. ఆ లెక్క కోసం డిపోల్లోనే జంటలు కలిశాయి. కాబట్టి కాగితంలో ‘భర్త’ అని ఉన్నవాడు ఊళ్లో తాళి కట్టినవాడో, డిపోలో తోడు దొరికినవాడో తేల్చి చెప్పలేం. ఓడ మీద పుట్టిన బిడ్డ తండ్రి ఎవరన్నదీ అంతే.

గయానా మూలాలున్న అమెరికన్ పాత్రికేయురాలు గైయుత్రా బహదూర్ ఈ ప్రశ్నతోనే 2013లో ‘కూలీ వుమన్’ పుస్తకం రాశారు. ఆమె ముత్తవ్వ సుజారియా 1903లో ఒంటరిగా, గర్భవతిగా కలకత్తాలో క్లైడ్ ఓడ ఎక్కింది. దారిలోనే బిడ్డను కన్నది. పాస్ ఉంది, వయసు ఉంది, కులం ఉంది. ఎందుకు వెళ్లిపోయిందన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. బహదూర్ బిహార్ పల్లెలకు వచ్చి విచారించారు, జవాబు దొరకనిచోట ప్రశ్ననే నిజాయితీగా పాఠకుడి ముందుంచారు. దొరకని తండ్రి స్థానంలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టేకంటే ఆ గడిని ఖాళీగా వదలడమే సరైన వంశచరిత్ర.

ఈ ఒడ్డున ఏముంది?

కాగితాల వేట ఓడ దగ్గర ఆగిపోతే ఇక్కడి రికార్డుల వంతు వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పల్లెల జనన మరణాల నమోదుకు చట్టం వచ్చింది 1899లో. అంతకుముందే పుట్టిన ముత్తాతకు జనన పత్రం ఉంటుందని ఆశపడనక్కర్లేదు. మిషన్ చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లలో క్రైస్తవ కుటుంబాలకు కొంత దొరకవచ్చు.

భూమి ఉన్నవాళ్లకు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ మంచి గని. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ విచారణల్లోంచి వచ్చిన ఆ పుస్తకాల్లో ఇనాం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు అన్నది రాశారు. రైత్వారీ గ్రామాలకు సెటిల్మెంట్ రిజిస్టర్లు, రెండు భాషల్లో రాసిన డైగ్లాట్‌లు ఉన్నాయి. ఉత్తరాంధ్రలో ఈ దారి మూసుకుపోతుంది. విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల్లో రైతు పేరు సర్కారు పుస్తకానికి ఎక్కింది చాలా చోట్ల 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. ఎక్కువ మంది కూలీలు బయల్దేరిన ప్రాంతంలోనే రికార్డు అతి తక్కువ. సెంటు భూమి లేనివాడి పేరు ఈ పుస్తకాల్లో వేటిలోనూ ఉండదు. ఓడెక్కినవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ.

డీఎన్‌ఏ పరీక్ష ఈ ఖాళీ పూరిస్తుందని చాలామంది అనుకుంటారు. అయిదు తరాల వెనక ఉన్న ఒక్క పూర్వీకుడి నుంచి మనకు వచ్చేది సగటున మూడు శాతమే. పైగా మన పల్లెల్లో పరీక్ష చేయించుకున్నవాళ్లు అరుదు కాబట్టి మారిషస్ మనిషికి జత కలిసేది ఎక్కువగా మరో వలస కుటుంబంతోనే. తెలుగువాళ్లకైతే ఇంకో మెలిక ఉంది. మేనరికాలు తరతరాలుగా సాగిన ఇళ్లల్లో దూరపు చుట్టం కూడా పరీక్షలో దగ్గరి చుట్టంగా కనిపిస్తాడు.

మీరూ వెతుకుతుంటే

• ముందు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఊరి పేరు వంకరగా పలికినా సరిదిద్దకండి.
• ఓడ పేరు, వరుస సంఖ్య దొరికితే ఆ ఓడ జాబితా మొత్తం చదవండి.
• రాసిన పేరును పైకి చదవండి. గుమస్తా విన్న శబ్దం ఏ తెలుగు పేరుదో చెవికే తెలుస్తుంది.
• ఆ ఏడాది నాటి జిల్లా, తాలూకా సరిహద్దులు చూసి గాని ఊరు ఖాయం చేయకండి.
• మద్రాసు ప్రభుత్వ వలస వ్యవహారాల దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో విచారించండి.
• యానాం నుంచి రీయూనియన్ వెళ్లినవారైతే ఫ్రెంచి రికార్డులు చూడాలి. 1829 నాటికే అక్కడికి తెలుగు కూలీలు వెళ్లారు.
• రెండు వేర్వేరు ఆధారాలు కలిసేదాకా ‘బహుశా’ అనే రాసుకోండి.

వెతకాల్సింది ఇద్దరూ

ఇప్పుడు ఈ వెతుకులాటకు ఇంకో అవసరం తోడైంది. 2024 మార్చిలో మారిషస్ వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, ఏడో తరం దాకా భారత మూలాలున్న మారిషస్ పౌరులకు ఓసీఐ (ఓవర్‌సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు అర్హత ప్రకటించారు. దాంతో ముత్తాత పాస్ ప్రతికి విలువ పెరిగింది. ట్రినిడాడ్ ప్రధాని కమలా పెర్సాద్ బిసేసర్ 2012 జనవరిలో బిహార్‌లోని బక్సర్ జిల్లా భేలూపూర్ వచ్చి పూర్వీకుల ఊరు చూసుకున్నారు. ప్రధానికి ఊరు వెతికిపెట్టడానికి యంత్రాంగం కదులుతుంది. డర్బన్‌లో బడిపంతులుకు ఎవరు కదులుతారు?

ఇన్నాళ్లూ వెతుకుతున్నది అటువైపువాళ్లే. ఇటువైపు ఆ కథ లేదనుకోవడం పొరపాటు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ‘మా తాత తమ్ముడు మిరిచి దేశం (మారిషస్) పోయాడు, మరి రాలేదు’ అనే మాట ఏదో ఒక ఇంట్లో మిగిలే ఉంటుంది. వంశాలు చెప్పే పిచ్చుకుంట్లవారి నోట, డక్కలివారి నోట పాత పేర్లు ఇంకా బతికుండవచ్చు. అక్కడ ఓడ పేరుంది, ఇంటిపేరు లేదు. ఇక్కడ ఇంటిపేరుంది, పోయినవాడి జాడ లేదు. తీరప్రాంతపు కళాశాలల చరిత్ర విభాగాలు విద్యార్థుల చేత ఊరూరా ఇలాంటి ‘వెళ్లి రానివాళ్ల’ జాబితా ఒకటి రాయించి, మోకా, డర్బన్ రిజిస్టర్లతో పోల్చి చూస్తే చాలు. ఖర్చు పెద్దగా లేదు, చదవగలిగిన తెలుగు కళ్లు కావాలి. చెప్పగల పెద్దవాళ్లు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు. అందుకే ఆర్కైవ్స్ తర్వాతైనా చూడవచ్చు, ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాలి.