రెండు జలాలు కలిసే చోట ఒక సెలవు దినం

సెలవులు సమీపించగానే పిల్లలున్న ప్రతి ఇంటిలోనూ ఒకే ప్రశ్న వినబడుతుంది: "అబ్బా! ఈసారి ఎక్కడికి వెళ్దాం?" కోనసీమలో గల్ఫ్ దేశాలకు వెళ్లి జీవనోపాధి పొందుతున్నవారు ఎందరో ఉన్నారు. అక్కడి నుండి ఆత్మీయులు పంపే వీడియోలలో గాజుగోడల వెనుక ఈదే సొరచేపలు, శిక్షకుని చేతి సంజ్ఞకు గాలిలోకి ఎగిరే డాల్ఫిన్లు కనిపిస్తాయి. అబూధాబీలోని యాస్ ద్వీపంలో 2023 మే నెలలో సీవరల్డ్ అనే భారీ సముద్ర వినోద ఉద్యానవనం ప్రారంభమయ్యాక ఇటువంటి దృశ్యాలు మన పిల్లలకు మరింత చేరువయ్యాయి. "మనకెందుకు ఇలాంటిది లేదు?" అని వారు అడగడం సహజం. ఆ ప్రశ్నను కసురుకొని తోసిపుచ్చరాదు. అందులో వినోదపు కోరికతో పాటు సృష్టిని చూడాలన్న ఆరాటం కూడా ఉంది.

వినోదానికి ఇస్లాంలో చోటు

ధార్మిక జీవనమంటే నవ్వును, ఆటను ఇంటి నుండి బహిష్కరించడమని కొందరు భావిస్తారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితం ఇందుకు భిన్నమైన చిత్రాన్ని మన ముందుంచుతోంది. పండుగ రోజున హబషీ యువకులు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుండగా, హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) తనివి తీరేవరకు చూసేలా ఆయన ఓపికగా నిలబడ్డారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆమెతో పరుగు పందెం వేసిన ఉదంతం అబూదావూద్‌లో ఉంది. ఆరాధనలో మునిగి ఇంటివారిని విస్మరించిన సహచరునికి, భార్యాబిడ్డలకూ మనపై హక్కు ఉందని గుర్తుచేయబడింది. కనుక ఏడాదికి ఒక్క రోజైనా కుటుంబమంతటినీ వెంటబెట్టుకొని వెళ్లడం వృథా కాలక్షేపం కాదు. సంకల్పం మంచిదైతే అదీ పుణ్యకార్యమే. అయితే ఆ రోజు పిల్లల హృదయంలో ఏ ముద్ర మిగులుస్తున్నామన్నదే ఆలోచించవలసిన విషయం.

ఆటబొమ్మలు కావు, సముదాయాలు

భూమిపై సంచరించే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు అన్నీ మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో బోధిస్తోంది. పిల్లిని బంధించి, ఆహారం పెట్టక, స్వయంగా వెదుక్కోనివ్వకుండా చంపిన స్త్రీ శిక్షకు గురైన హదీసు మనందరికీ తెలిసినదే. అలాగని జంతువులను పెంచడమే నిషిద్ధమని చెప్పలేము. అబూ ఉమైర్ అనే చిన్నారి ఒక చిట్టి పిట్టను పెంచుకోగా, ప్రవక్త ఆ పిట్ట క్షేమం గురించి ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించేవారు. తగిన ఆహారం, నీరు, రక్షణ ఇస్తే పక్షిని పెంచుకోవచ్చునని పండితులు ఈ ఉదంతం నుండి గ్రహించారు. కాబట్టి ఇంటిలోని చేపల తొట్టెనో, విశాఖ తీరంలోని మత్స్యదర్శినినో తప్పుపట్టనవసరం లేదు. ఆ ప్రాణి అవసరాలు అక్కడ తీరుతున్నాయా లేదా అన్నదే ప్రమాణం.

డాల్ఫిన్ విషయంలో ఈ ప్రమాణం నెరవేరడం మిక్కిలి కష్టం. అది ఒక్క రోజులో పదుల కిలోమీటర్లు ఈదే జీవి. తాను చేసిన ధ్వని ప్రతిధ్వనించి వచ్చే తీరును బట్టి దారిని, ఆహారాన్ని గుర్తిస్తుంది. గుంపుతో కలిసి బ్రతుకుతుంది. కాంక్రీటు కొలనులో దానికి విశాలత లేదు, వేట లేదు, తన గుంపు లేదు. 1990ల చివరలో చెన్నై శివార్లలోని ఒక వినోద కేంద్రానికి విదేశాల నుండి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలలలోనే మరణించాయి. తరువాతి కాలంలో పలు రాష్ట్రాలలో ఇటువంటి కేంద్రాల ప్రతిపాదనలు రాగా, వాటిని అనుమతించవద్దని 2013 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలను ఆదేశించింది. అమెరికాలోని సీవరల్డ్ సంస్థ సైతం తమ వద్ద ఓర్కా తిమింగలాల సంతానోత్పత్తిని నిలిపివేస్తున్నట్లు 2016లో ప్రకటించింది. అబూధాబీ ఉద్యానవనం ఓర్కాలు లేకుండానే ప్రారంభమైంది. అంటే, "మనకెందుకు లేదు?" అన్న ప్రశ్నకు పిల్లలకు గౌరవప్రదమైన సమాధానమే ఉంది: మన దేశం వద్దనుకుంది, అందుకు తగిన కారణమూ ఉంది.

ఆత్రేయపురం నుండి కోరింగకు

మరి పిల్లలకు సముద్రాన్ని చూపేదెలా? ఆత్రేయపురం వాసులకు ఇందుకు సుదూర ప్రయాణం అవసరం లేదు. 1852లో పూర్తయిన ఆనకట్ట దిగువన గోదావరి పాయలుగా చీలే బొబ్బర్లంక ఈ మండలంలోనిదే. ఇంటి ముంగిట గౌతమిగా, వసిష్ఠగా విడిపోయే నది చివరికి ఎక్కడికి చేరుతుందో చూపడం కంటే మంచి యాత్ర ఏముంటుంది? ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరి, రావులపాలెం వద్ద గౌతమి వంతెన దాటి, రామచంద్రపురం మీదుగా కాకినాడ వైపు సాగితే, కాకినాడ–యానాం రహదారిపై తాళ్లరేవు మండలంలో కోరింగ చేరుకోవచ్చు. ఉదయపు వేళకే అక్కడ ఉండి, మగ్రిబ్‌కు ముందుగా తిరుగుముఖం పట్టవచ్చు.

1978లో ప్రకటితమైన కోరింగ అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. మడ చెట్ల నడుమ వేసిన చెక్కబాటపై వృద్ధులు, పసివారు కూడా నెమ్మదిగా నడవగలరు. రెండు జలరాశులు, ఒకటి తీయనిది, మరొకటి ఉప్పనిది, వాటి మధ్య అల్లాహ్ నిలిపిన అడ్డుతెర గురించి ఫుర్ఖాన్ సూరా ప్రస్తావిస్తోంది. ఆ సూరాను ఇంట్లో పారాయణం చేసే బిడ్డ ఇక్కడ ఆ జలాల ఒడ్డున నిలబడుతుంది. బరువైన ఉప్పునీరు అడుగున చొచ్చుకువస్తుంది, తేలికైన మంచినీరు పైన సాగుతుంది. వేసవిలో నది సన్నగిల్లితే ఉప్పు పాయలలోకి ఎగబాకుతుంది, వరదకాలంలో వెనుకంజ వేస్తుంది. డెల్టా చివరి రైతుకు ఇది అనుభవంలోని విషయమే.

అటు పూర్తిగా నేల కాక, ఇటు పూర్తిగా సముద్రం కాక ఉన్న ఈ చోట బ్రతకడానికి ప్రతి ప్రాణికీ సృష్టికర్త ఒక ఉపాయం నేర్పాడు. బురదలో గాలి అందదు గనుక మడ వేళ్లు నేలను చీల్చుకొని పైకి వచ్చి శ్వాసిస్తాయి. మడ ఆకు అదనపు ఉప్పును తనలో నుండి వెలికి నెడుతుంది. ఆకుపై ఆ ఉప్పురేణువులను పిల్లలు వేలితో తాకి చూడవచ్చు. ఉప్పుపొన్న తన విత్తును వెంటనే నీట విడువదు. కొమ్మపైనే మొలకెత్తించి, పొడవుగా పెంచి, ఉప్పునీటిని తట్టుకోగల స్థితి వచ్చాకే రాలుస్తుంది. తల్లులకు దీనిని వివరించనవసరం లేదు. నీరు తీసిన వేళ బురదపై గెంతే చేపలు, కన్నాల నుండి తొంగిచూసే పీతలు, ఆకాశంలో కొంగలు కనిపిస్తాయి. బావురుపిల్లి, నీటికుక్క కూడా ఇక్కడి నివాసులే. అవి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. నాలుగు గంటలకు తప్పక ఎగరవలసిన డాల్ఫిన్‌కూ, తన ఇష్టమైన వేళ మాత్రమే వెలికివచ్చే బావురుపిల్లికీ తేడా పిల్లలకు బోధపడితే, సబ్ర్ అంటే ఏమిటో కూడా కొంత బోధపడినట్లే.

మనపై ఉన్న అమానతు

ఈ అడవి అందం మాత్రమే కాదు, డెల్టా రక్షణ కూడా. ఒకప్పుడు నౌకలతో కళకళలాడిన కోరింగ రేవును 1839 నవంబరు నాటి తుపాను ఉప్పెన ధ్వంసం చేసింది. 1996 నవంబరు తుపానులో కూలిన కొబ్బరితోటలను కోనసీమ పెద్దలు నేటికీ మరువలేదు. మడ అడవి గాలిని ఆపలేదు గాని, అలల ఉధృతిని తగ్గిస్తుంది, ఒడ్డు కోతను నిలువరిస్తుంది. రొయ్యలు, పీతలు, చేపల పిల్లలు పెరిగేది దాని వేళ్ల నడుమనే. వేలాది మత్స్యకార కుటుంబాల అన్నం అక్కడే మొదలవుతుంది. రొయ్యల చెరువుల కోసం, వంటచెరకు కోసం డెల్టాలో ఈ చెట్లను నరికిన రోజులున్నాయి. మానవుల చేతులు చేసిన దాని వలన నేలపైనా, సముద్రంలోనూ కల్లోలం చెలరేగిందన్న రూమ్ సూరా హెచ్చరిక ఇక్కడ స్ఫురించకమానదు. ఆ నష్టాన్ని సరిదిద్దినవారూ ఉన్నారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి, క్షీణించిన చోట్ల కాలువలు తవ్వి, పోటునీరు తిరిగి పారేలా చేసి మొక్కలు నాటారు. ముస్లిం నాటిన మొక్క ఫలాన్ని పక్షి తిన్నా అది సదఖాయేనన్న ప్రవక్త బోధనకు ఇంతకన్నా సజీవ ఉదాహరణ ఏముంది?

యాత్రలో పాటించవలసినవి

బయలుదేరే ముందు పోటు, పాటు వేళలు తెలుసుకోవాలి. వేళ్లను, బురదచేపలను చూడడానికి పాటు వేళ అనుకూలం. నమాజు చాపలు, తాగునీరు, మధ్యాహ్న భోజనం వెంట తీసుకువెళ్లండి. ఇంటి ఆడవారికి ఆ ఒక్క రోజైనా వంట భారం లేకుండా, ముందురాత్రే అందరూ కలిసి సిద్ధం చేసుకోవడం ఉత్తమం. పూతరేకులు ఎలాగూ ఉంటాయి. వాటి బియ్యం ఈ నది పండించినదేనని పిల్లలకు చెప్పండి. జుహర్ సమయమైతే ఆటను ఆపి జమాఅత్‌గా నమాజు చేయండి. సముద్రజలం పరిశుద్ధమైనదని హదీసు తెలుపుతోంది గనుక వుజూకు నీరు లేదన్న సాకు అక్కడ చెల్లదు. పీతను కర్రతో పొడవడం, పక్షులపై రాళ్లు విసరడం పిల్లలు సరదాగా చేసే పనులే అయినా అప్పుడే మృదువుగా వారించాలి. తెచ్చిన ప్రతి ప్లాస్టిక్ సంచి తిరిగి మనతోనే రావాలి.

తిరిగి వచ్చిన రాత్రి పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: నేడు చూసిన వాటిలో అల్లాహ్ సూచనగా మీకు తోచినది ఏది? ఒకరు మొలకెత్తిన విత్తును చెప్పవచ్చు, మరొకరు ఆకుపై ఉప్పును చెప్పవచ్చు. వీడియోలోని డాల్ఫిన్ వారికి మళ్లీ గుర్తుకు రావచ్చు. ఈసారి దాని ఎగురుడు మాత్రమే కాక, అది ఈదవలసిన సముద్రం కూడా వారి కళ్లముందు మెదులుతుంది.

సృష్టిని చూసే కళ్లను, దాని హక్కులను గుర్తించే హృదయాన్ని అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.