యలహంక బంకుల్లో చెల్లింపు: ఏ మార్గం క్షేమం?

బళ్లారి రోడ్డు మీద యలహంక దాటే వాహనాల్లో ఆంధ్రప్రదేశ్ సంఖ్యాఫలకాలు ఉన్నవి ఏ పూట చూసినా తక్కువేమీ కావు. బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి మీదుగా వచ్చే అనంతపురం, పెనుకొండ వారికైనా, గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా వచ్చే హిందూపురం వారికైనా బెంగుళూరుకు యలహంకే ఉత్తర ద్వారం. తిరుగు ప్రయాణంలో ట్యాంకు నింపించుకునే తావు కూడా ఇదే. ఇంధనంపై అమ్మకం పన్ను కర్నాటకలో ఆంధ్రప్రదేశ్ కంటే తక్కువ. 2024 జూన్‌లో పెట్రోలు, డీజిళ్లపైనా, 2025 ఏప్రిల్‌లో డీజిలుపై మరోమారూ కర్నాటక ప్రభుత్వం పన్ను పెంచినా ఆ తేడా చెరిగిపోలేదు. కనుక సరిహద్దు జిల్లా వాసి అక్కడ ఒక్కసారికే రెండు మూడు వేల రూపాయల ఇంధనం పోయించుకోవడం మామూలే. ఊరు కాని ఊరిలో, వెనుక నుంచి హారన్లు మోగుతుండగా, అరనిమిషంలో ముగించవలసిన చెల్లింపు అది. పొరపాట్లకైనా, మోసాలకైనా అంతకంటే అనువైన సమయం ఉండదు.

పదేళ్ల క్రితం వరకు ఈ ప్రశ్నే లేదు. నోట్లు ఇచ్చి చిల్లర పుచ్చుకోవడమే పద్ధతి. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు దానిని తలకిందులు చేసింది. పాత నోట్లు చెల్లిన కొద్ది చోట్లలో పెట్రోలు బంకు ఒకటి కావడంతో డిసెంబరు 2 వరకు అక్కడ బారులు తీరారు. అదే నెల 13 నుంచి ప్రభుత్వ రంగ చమురు సంస్థల బంకుల్లో నగదు రహిత చెల్లింపులకు 0.75 శాతం రాయితీ మొదలయింది. క్రెడిట్ కార్డులకు ఆ రాయితీ 2019 అక్టోబరు 1తో నిలిచిపోయింది. 2017 జనవరిలో కొన్ని బ్యాంకులు కార్డు లావాదేవీలపై ఒక శాతం రుసుము వేయబోగా, కార్డులు స్వీకరించబోమని బంకుల యజమానుల సంఘం హెచ్చరించడం, ప్రభుత్వం జోక్యం చేసుకోవడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత యూపీఐ వచ్చి అన్నింటినీ పక్కకు నెట్టింది.

నగదుకు ఉన్న సుగుణం ఒక్కటే: ఇచ్చిన దానికి మించి పోదు. ఖాతా వివరాలు ఎవరి చేతికీ చిక్కవు. అయితే ఇచ్చిన నోటు రెండు వందలదా, అయిదు వందలదా అన్న వివాదం తలెత్తితే తేల్చే ఆధారం ఉండదు. నోటు విలువ పైకి చెప్పి ఇవ్వడం, చిల్లర లెక్కించుకున్న తరువాతే బండి కదల్చడం పాత అలవాట్లే గాని ఇప్పటికీ పనికివస్తాయి.

డెబిట్ కార్డు సంగతి వేరు. దాని వెనుక ఉన్నది జీతం పడే ఖాతా. నల్లని అయస్కాంత పట్టీ గల పాత కార్డుల కాలంలో అరచేతిలో ఇమిడే పరికరంతో పట్టీలోని సమాచారాన్ని నకలు తీసి, పిన్ నొక్కుతుండగా కనిపెట్టి, దొంగకార్డు తయారు చేసేవారు. కారులో కూర్చున్న యజమాని కార్డును, పిన్ను కలిపి సిబ్బందికి అప్పగించే దురలవాటు ఆ పని మరింత సులువు చేసింది. డెబిట్ కార్డుకు పిన్ 2013 డిసెంబరు నుంచి తప్పనిసరి అయింది. చిప్ లేని కార్డులను 2018 డిసెంబరు 31 నాటికి మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చిప్ ప్రతి లావాదేవీకి ఒక కొత్త సంకేతాన్ని పుట్టిస్తుంది గనుక ఒకసారి చిక్కిన సమాచారం మరోసారి పనికిరాదు. అంతమాత్రాన పిన్ను బిగ్గరగా చెప్పవచ్చునని కాదు. పోర్టబుల్ యంత్రాలు వచ్చాక కార్డును లోపలి గదికి పంపవలసిన అవసరమే లేదు. యంత్రాన్ని కిటికీ దగ్గరకు తెమ్మనడం వినియోగదారుని హక్కు.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు ఈ జిల్లాల్లో అనేకం గనుక అక్కడి సంగతీ కొంత చెప్పుకోవాలి. అక్కడ పెట్రోలు పోసే మనిషి ఉండడు, పంపులోనే కార్డు యంత్రం ఉంటుంది. ఆ పంపులను చిప్‌కు మార్చే గడువు 2017 నుంచి 2020కి, అక్కడి నుంచి 2021 ఏప్రిల్‌కు జరుగుతూ వచ్చింది. ఆ జాప్యం పొడవునా దొంగలు పంపుల లోపల నకలు పరికరాలు అమర్చి లబ్ధి పొందారు. యలహంకలో బండి పక్కన నిలబడే కుర్రాడు చాదస్తంగా తోచవచ్చు గాని, ఎదురుగా ఒక మనిషి ఉండడమూ ఒక రక్షణే.

పిన్ అడగకుండా తాకించి చెల్లించే కార్డుల పరిమితిని రిజర్వు బ్యాంకు 2021 జనవరి 1 నుంచి రెండు వేల నుంచి అయిదు వేల రూపాయలకు పెంచింది. కార్డు చేయి దాటకపోవడం, పిన్ బయటపడకపోవడం ఇందులోని మేలు. కార్డు పోగొట్టుకుంటే దొరికినవాడు కూడా అలాగే తాకించగలగడం కీడు. ఈ సౌకర్యాన్ని ఆపివేయడానికి, పరిమితి తగ్గించుకోవడానికి బ్యాంకు యాప్‌లో వీలుంటుంది. తాకించే ముందు యంత్రం తెరపై అంకె చూడడం మరువరాదు. 520కి బదులు 5200 నమోదయితే పరిమితి దాటుతుంది గనుక యంత్రం పిన్ అడుగుతుంది. 250కి బదులు 2500 అయితే అడగదు.

పోల్చి చూస్తే డెబిట్ కన్నా క్రెడిట్ కార్డే బంకులో మేలు. వివాదం వచ్చినప్పుడు చిక్కుపడేది బ్యాంకు సొమ్ము, ఇంటి ఖర్చుల సొమ్ము కాదు. ఇంధనంపై పడే సుమారు ఒక శాతం అదనపు రుసుమును పలు బ్యాంకులు నిర్ణీత మొత్తాల మధ్య తిరిగి ఇస్తాయి. దానిపై జీఎస్టీ మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

ఇక యూపీఐ. 2016 ఏప్రిల్‌లో మొదలయిన ఈ పద్ధతిలో మోసం సాంకేతికం కన్నా మానవసంబంధమైనదే. పంపు మీద అతికించిన అసలు క్యూఆర్ కోడ్‌పై మరొకటి అంటించడం, యంత్రం పనిచేయడం లేదని సిబ్బందిలో ఒకడు సొంత ఫోనులోని కోడ్ చూపడం ఇందులోని ఎత్తులు. స్కాన్ చేయగానే తెరపై వచ్చే పేరు బంకుదా, వ్యక్తిదా అన్నది చూసుకుంటే సగం ప్రమాదం తొలగుతుంది. అమ్మకం యంత్రం తెరపైనే మొత్తంతో సహా అప్పటికప్పుడు పుట్టే కోడ్, అతికించిన కాగితం కన్నా నమ్మదగినది. జీతం ఖాతాకు బదులు కొద్ది సొమ్ము మాత్రమే ఉంచే మరో ఖాతాను జతచేసుకుంటే నష్టం ఆ కొద్దితోనే ఆగుతుంది. ద్విచక్ర వాహనదారునికి యూపీఐ లైట్ కూడా చాలును.

అసలు చిక్కు మోసంతో కాదు, మధ్యలో ఆగిన చెల్లింపుతో వస్తుంది. ఖాతాలో సొమ్ము తగ్గినట్లు సందేశం వస్తుంది, బంకు పెట్టె మోగదు. సిబ్బంది మళ్లీ కట్టమంటారు. పొరుగు రాష్ట్రం బండి అయితే మాట పెరగడానికి ఎంతోసేపు పట్టదు. సిబ్బందిని తప్పు పట్టనూ లేము, లెక్క తక్కువైతే వారి జీతంలోనే కోత పడవచ్చు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు ఇక్కడ ఉపకరిస్తుంది. వ్యాపారికి ధ్రువీకరణ అందని యూపీఐ చెల్లింపు, లావాదేవీ నాటి నుంచి అయిదు రోజుల్లోగా దానంతటదే ఖాతాకు తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. కార్డు యంత్రంలో ఆగిన చెల్లింపుకూ ఇదే గడువు. ఇబ్బందల్లా ఆ సొమ్ము ఆలస్యంగానైనా బంకుకే చేరినప్పుడు. అందుచేత రెండోసారి కట్టవలసి వస్తే మొదటి లావాదేవీ పన్నెండంకెల సంఖ్యను మేనేజరుకు చూపి, బిల్లు వెనుక రాయించి, సంతకం తీసుకుని కదలాలి. నూరు కిలోమీటర్ల అవతలి నుంచి ఫోనులో వాదించడం కన్నా ఇది తేలిక.

మోసం జరిగిందని తెలిసిన క్షణం నుంచి కాలమే ముఖ్యం. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు దినాల మధ్య అయితే సాధారణ పొదుపు ఖాతాకు గరిష్ఠంగా పది వేల రూపాయల వరకు భారం పడుతుంది. ఆపైన బ్యాంకు విధానాన్ని బట్టి. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రక్షణ ఖాతాదారు అనుమతి లేని లావాదేవీలకే. ఇతరుల కోడ్‌ను స్కాన్ చేసి తానే పిన్ నొక్కిన వారికి ఇది వర్తింపజేయడం కష్టం. అటువంటివారు వెంటనే 1930కి ఫోను చేయాలి. ఇది దేశమంతటికీ ఒకటే సంఖ్య గనుక సంఘటన యలహంకలో జరిగినా ఫిర్యాదు హిందూపురం నుంచి చేయవచ్చును. సొమ్ము చేతులు మారకముందే అవతలి ఖాతాలో నిలుపుదల చేయించడం ఆ వ్యవస్థ ఉద్దేశం.

సెల్‌ఫోను వాడరాదని బోర్డు, దాని పక్కనే క్యూఆర్ కోడ్ ఉండడం బంకుల్లో కనిపించే వింత. నాజిల్ తిరిగి పంపులో పెట్టాక, రెండడుగులు పక్కకు జరిగి చెల్లిస్తే రెండు నియమాలూ నిలుస్తాయి. మీటరు చూడవలసిన కళ్లు ఫోనులో ఉండకపోవడం అదనపు లాభం.

లారీల యజమానులకు ఈ బెడదలు చాలావరకు ఉండనక్కరలేదు. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌ట్రాపవర్, భారత్ పెట్రోలియం స్మార్ట్‌ఫ్లీట్, హిందుస్థాన్ పెట్రోలియం డ్రైవ్ ట్రాక్ ప్లస్ కార్డులు వారి కోసం ఉద్దేశించినవే. యజమాని ముందుగా సొమ్ము జమచేసి, బండి వారీగా పరిమితి పెట్టుకోవచ్చు. డ్రైవరు చేతికి పెద్ద మొత్తంలో నగదు ఇచ్చి పంపనక్కరలేదు, ఎక్కడ ఎంత పోయించాడన్నది ఇంటి నుంచే తెలుస్తుంది. ఒక్క బండి ఉన్నవారు కూడా వీటికి దరఖాస్తు చేసుకునే వీలుందేమో ఆయా సంస్థల బంకుల్లోనే విచారించుకోవచ్చును.