ఆవు పొట్టలో పులుపు

పండుగ మర్నాడు మిగిలిన పొంగలీ, పాయసమూ పారెయ్యడానికి మనకు చేతులు రావు. వీధిలో ఆవు కనబడితే గిన్నెడూ దాని ముందు పెట్టి, పుణ్యం వచ్చిందనుకుంటాం. వీధిలో పదిళ్ళవాళ్ళూ అదే పని చేస్తే ఆ మూగజీవి ప్రాణానికే ముప్పు. అదెలాగో వినండి.

ఆవు పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటిదీ, అన్నిటికన్నా పెద్దదీ రూమెన్. పెద్ద ఆవులో నూరు లీటర్లకు పైగా పట్టే గాబు అనుకోండి. గాలి చొరని ఆ వెచ్చని గాబులో చుక్క చుక్కకీ కోట్లకొద్దీ బాక్టీరియా! గడ్డిలోని పీచుని విడగొట్టే రసం ఆవు ఒంట్లో ఊరదు. ఆ పని ఈ బాక్టీరియాదే. పీచు అంటే గ్లూకోజు చక్కెర గొలుసులే. బాక్టీరియా ఆ గొలుసులు తెంపుతాయి. మరి ఆ చక్కెర ఆవుకి దక్కుతుందా? దక్కదు, వాటిని అవే తినేస్తాయి! తిని అవి వదిలే ఆమ్లాలే ఆవుకి భోజనం. ముఖ్యమైనవి మూడు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్, ప్రొపియోనిక్, పాడైన వెన్నకు ఆ కంపు తెచ్చే బ్యూటిరిక్. ఆవుకి కావలసిన శక్తిలో సుమారు 70 శాతం వీటివల్లే. ఎసిటిక్ పాలలో వెన్నకి ఉపయోగపడుతుంది. ప్రొపియోనిక్ నుంచి కాలేయం మళ్ళీ గ్లూకోజు తయారుచేస్తుంది. పాలలోని తీపికి మూలం చాలావరకు అదే. పులుపులోంచి తీపి, విడ్డూరం కాదూ!

పీచు నెమ్మదిగా విడుతుంది. ఆవు తీరిగ్గా నెమరువేస్తుంటే ధారాళంగా ఊరే లాలాజలంలో సోడా ఉంటుంది, అది పులుపుని విరుస్తూ ఉంటుంది.

అన్నం, పాయసం అలా కాదు. పిండిపదార్థం, చక్కెర ఒక్కసారిగా వచ్చి పడితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బాక్టీరియా ఇబ్బడిముబ్బడిగా పెరిగిపోయి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. పెరుగు పులుపు అదే. తక్కిన మూడింటికన్నా ఘాటైనది. ఎండాకాలం దోసెల పిండి ఎంత జోరుగా పులుస్తుందో మీకు చెప్పాలా? మామూలుగా 6, 7 మధ్య ఉండే పి.హెచ్. 5 కన్నా దిగిపోతుంది. పీచు తినే బాక్టీరియా చచ్చిపోతాయి, రూమెన్ కదలిక ఆగిపోతుంది, ఒంట్లో నీరు పొట్టలోకి లాగేస్తుంది, పులుపు రక్తంలోకి ఎక్కుతుంది. తీవ్రమైతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

"మా అమ్మమ్మ రోజూ కుడితి పోసేది కదా!" అంటారేమో. పోసేవారు, నిజమే. కానీ ఆ ఆవు ముందు ఎండుగడ్డి పుష్కలంగా ఉండేది, కుడితి దానికి అలవాటు కూడాను. అలవాటు చెయ్యాలంటే కొన్నాళ్ళపాటు కొంచెం కొంచెంగా పెంచాలి.

పండుగ తరువాత వీధి ఆవు నెమరు మానేసి, ఎడమ డొక్క ఉబ్బి, పుల్లటి వాసనతో పలచగా పేడ వేస్తుంటే పశువుల డాక్టరుకి వెంటనే కబురు చెయ్యండి. ఏం తిన్నదో కూడా చెప్పండి. సొంతవైద్యం వద్దు. పెట్టాలనిపిస్తే ఒక ముద్ద అన్నం చాలు. కడుపు నిండా పెట్టాలనుకుంటే గడ్డికట్ట కొనండి. తోటకూర కాడలు, కాలీఫ్లవరు ఆకులు కొద్దికొద్దిగా పెట్టినా సంతోషంగా తింటుంది. ప్లాస్టిక్ సంచీలో మూటగట్టి మాత్రం పెట్టకండి, సంచీతో సహా మింగేస్తుంది.