గంటకు ఆరే నిమిషాలు

‘ఏడేళ్లకే మా పాపలో ఈడేరే లక్షణాలు కనిపించాయి. ఆపడానికి రాసిన ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్, ఈడును మేల్కొలిపే హార్మోనుకు నకలేనట. కిరోసిన్ పోసి మంట ఆర్పినట్టు లేదా?’ అని ఓ పాఠకురాలు రాశారు. ఇలాంటి ప్రశ్న వస్తే ఊరుకోగలమా!

ముందుగా రెండు ముక్కలు. మెదడులోని హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును విడతలు విడతలుగా వదులుతుంది. అది పీయూష గ్రంథి కణాల మీది గ్రాహకాలకు అతుక్కుంటే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. వాటితో అండాశయాలు, వృషణాలు పనిలో పడతాయి.

ఇక అసలు కథ. 1978లో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం పిట్స్‌బర్గ్‌లో రీసస్ కోతుల మీద ఒక ప్రయోగం చేసింది. మెదడులో ఈ హార్మోను పుట్టే చోటును దెబ్బతీస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పడిపోయాయి. గంటకోసారి, ఆరేసి నిమిషాలు జీఎన్‌ఆర్‌హెచ్ ఎక్కిస్తే లేచాయి. ఎడతెరిపి లేకుండా ఎక్కిస్తే మళ్లీ పడిపోయాయి. గంటకోసారి పద్ధతికి తిరిగొస్తే కోలుకున్నాయి. ‘అతి సర్వత్ర వర్జయేత్’ అని సరిపెట్టుకోకండి. తేడా మోతాదులో లేదు, విరామంలో ఉంది.

విడతకూ విడతకూ మధ్య ఎడం ఉంటే కణం మీద గ్రాహకాలు నిలదొక్కుకుంటాయి, పెరుగుతాయి కూడా. ఎడం లేకపోతే అవి కణం లోపలికి జారుకుంటాయి, సంఖ్య తగ్గిపోతుంది, లోపలి కాల్షియం సంకేతాలూ నీరసిస్తాయి. తన గ్రాహకాలు ఎన్నుండాలో హార్మోనే తేలుస్తుందన్నమాట. అంతకన్నా వింత ఇంకోటుంది. ఈ కోవ గ్రాహకాల్లో చాలావాటికి కణం లోపల ఒక తోక ఉంటుంది. అరెస్టిన్ అనే ప్రొటీన్ ఆ తోకను పట్టుకుని నిమిషాల్లో గ్రాహకం నోరు మూయిస్తుంది. కోడిలో, చేపలో జీఎన్‌ఆర్‌హెచ్ గ్రాహకానికి తోక ఉంది. మనకు లేదు! అందుకే మన గ్రంథి అంత తొందరగా మూగబోదు.

ఔషధ పరిశోధకులు బోల్తా పడిందీ ఇక్కడే. 1971లో హార్మోను నిర్మాణం తేలాక, ఒంట్లో త్వరగా విరిగిపోని బలమైన నకళ్లు చేశారు. సంతానం కలిగించాలని చేసిన ఆ మందులు గ్రాహకాన్ని వదలకపోవడంతో సంతానోత్పత్తినే ఆపాయి!

పాప విషయంలో జరిగేదీ అదే. మొదట్లో లక్షణాలు కాస్త పెరగొచ్చు, తర్వాత గ్రంథి ఊరుకుంటుంది. మందు మానేస్తే మళ్లీ పని మొదలెడుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లోనూ ఇదే సూత్రం వాడతారు.

నా గొణుగుడల్లా ల్యాబు రిపోర్టు మీదే. అందులో ఎల్‌హెచ్ ఎదురుగా ఒక్క అంకె ఉంటుంది. రక్తం తీసింది విడత వచ్చినప్పుడో, మధ్య ఎడంలోనో ఆ అంకె చెప్పదు.