మందు మోసే తాలుగింజలు

కళ్లంలో ధాన్యం తూర్పారబడితే గట్టిగింజ కాళ్ల దగ్గరే రాలుతుంది, తాలు గాలివాటున అవతల పడుతుంది. చూడటానికి రెండూ ఒకే సైజు. పీల్చే మందుపొడిదీ ఇదే తీరు. 5 మైక్రాన్లు దాటిన గట్టి రేణువు చాలావరకు గొంతులోనో, శ్వాసనాళాల మలుపుల్లోనో అతుక్కుపోతుంది. ఒకటి నుంచి మూడు మైక్రాన్ల రేణువు వాయుకోశాల దాకా వెళ్తుంది గాని, అక్కడ కాపలా కాసే భక్షక కణాలు దాన్ని మింగేస్తాయి. పెద్దదైతే చేరదు, చిన్నదైతే నిలవదు. ఈ చిక్కు విప్పింది రేణువు లోపలి ఖాళీయేనని నేను గట్టిగా నమ్ముతాను.

1997లో డేవిడ్ ఎడ్వర్డ్స్, రాబర్ట్ లాంగర్ బృందం 'సైన్స్' పత్రికలో చూపింది ఇదే. గాలిలో రేణువు నడక దాని వ్యాసంతో పాటు సాంద్రత వర్గమూలాన్ని బట్టి కూడా ఉంటుంది. 10 మైక్రాన్ల రేణువును బెజ్జాలతో గుల్లచేసి, సాంద్రతను నీటి సాంద్రతలో పదోవంతుకు దించితే, గాలిలో అది 3 మైక్రాన్ల రేణువులా సాగుతుంది. లోపలికి చేరాక మాత్రం అసలు సైజే లెక్క, భక్షక కణాలకు అంత తేలిగ్గా మింగుడుపడదు. ఆ ప్రయోగంలో ఎలుకలు పీల్చిన గుల్ల రేణువుల ఇన్సులిన్ 96 గంటలు పనిచేసింది. చిన్న గట్టి రేణువులది 4 గంటలే.

ఇన్ని బెజ్జాలుంటే నీరు చొరబడి మందంతా ఒక్కసారే బయటపడదా? న్యాయమైన అనుమానమే. బెజ్జాల అంచుకు అంటుకున్న మందు మొదటి రోజుల్లోనే కొట్టుకుపోతుంది. అయితే గోడలో ఇమిడిన మందు గోడ కరిగేకొద్దీ ఊరుతుంది. మందు నింపాక రేణువును కాస్త వెచ్చబెట్టి పైబెజ్జాలు పూడ్చే పద్ధతీ ఉంది. పైగా గట్టితనం అనుకున్నంత క్షేమం కాదు. ఇలాంటి రేణువుల గోడలకు వాడే పీఎల్‌జీఏ అనే పాలిమర్ నీటితో విడిపోయి ల్యాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలవుతుంది. పెద్ద గట్టి రేణువు నడుమ ఈ ఆమ్లం బయటికి పోలేక పేరుకుని, లోపలి పాలిమర్‌ను మరింత వేగంగా తినేస్తుంది, ప్రొటీన్ మందును చెడగొడుతుంది. బెజ్జాలు ఆ ఆమ్లానికి దారి ఇస్తాయి. బిస్కెట్లు పొంగడానికి వాడే అమోనియం బైకార్బొనేట్‌తోనే ఈ బెజ్జాలను తొలచవచ్చు. పాలిమర్ గట్టిపడేలోగా అది వాయువై పోతూ గూళ్లు మిగులుస్తుంది.

మరో అభ్యంతరం దీనికన్నా బరువైనది. పీఎల్‌జీఏ కరగడానికి వారాలు పడుతుంది. రోజూ పీలిస్తే పాతపొడి పోకముందే కొత్తపొడి వచ్చి చేరుతుంది. పార్కిన్‌సన్స్ రోగుల కోసం 2018లో అమెరికాలో అనుమతి పొందిన లెవోడోపా పొడి గుల్లదనాన్ని తీసుకుంది గాని, పాలిమర్‌ను వదిలి ఫాస్ఫోలిపిడ్‌ను ఎంచుకుంది. అది వెంటనే పనిచేయాల్సిన మందు కాబట్టి సరిపోయింది. రోజుల తరబడి ఊరాల్సిన మందుకు మాత్రం, తర్వాతి మోతాదు వచ్చేలోగా పూర్తిగా కరిగే గోడ కావాలి.